సాంకేతిక వేదికల్లో ప్రశ్నలు అడగడం, జవాబులివ్వడం ఉద్యోగానికి పనికొస్తాయా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగిన ఒక ప్రశ్నను ‘ఇంతకుముందే ఉంది’ అంటూ మూసేశారు. మరొకదానికి మైనస్ ఓట్లు వేశారు. అలాంటి చోట జవాబులు రాస్తే ఉద్యోగానికి పనికొస్తుందని సీనియర్లు అంటున్నారు. నాకే సరిగా రానప్పుడు ఇతరులకు ఏం చెప్పగలను? దీని మీద సమయం పెట్టమంటారా?

జవాబు: పెట్టమనే చెబుతాను, అయితే అక్కడ ఓట్లకు వచ్చే పాయింట్ల కోసం కాదు. మీ తెరను చూడలేని అపరిచితుడికి మీ సమస్యను అర్థమయ్యేలా రాయగలగడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో దాదాపు రోజూ అవసరపడే పని. పాఠ్యప్రణాళికల్లో దానికి సాధారణంగా చోటు ఉండదు కాబట్టి, ఆ సాధన మీకు మీరే చేసుకోవాలి.

ముందు మూసివేత సంగతి. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన స్టాక్ ఓవర్‌ఫ్లో, అడిగినవారి ఒక్కరి ఇబ్బందిని తీర్చడం కంటే, రేపు అదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొచ్చే ప్రశ్నోత్తరాల నిల్వను తయారుచేయడానికే ప్రాధాన్యం ఇస్తుంది. అందువల్ల ప్రశ్నను మూసేటప్పుడు పాత ప్రశ్నకు లింకు ఇస్తారు. దాన్ని పూర్తిగా చదవండి. అది మీ సమస్యకు వర్తించకపోతే, ఎందుకు వర్తించదో మీ ప్రశ్నలోనే చేర్చి సవరిస్తే తిరిగి తెరిచే అవకాశం ఉంటుంది. జవాబిచ్చేవారిలో కొందరు కటువుగా మాట్లాడతారన్న మాటా నిజమే, దాన్ని నేను సమర్థించను. అయినా వాళ్లు జీతం తీసుకుని కూర్చున్న కస్టమర్ కేర్ సిబ్బంది కారని గుర్తుంచుకుంటే, ప్రశ్న రాసే తీరు దానంతటదే మారుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. ‘పైథాన్‌లో ఫైల్ ఓపెన్ కావడం లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్’ అని రాస్తే, చదివినవారు ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఎర్రర్ అని ఎదురు ప్రశ్నలు వేయాలి. చాలామంది అంత శ్రమ పడకుండా ముందుకు వెళ్లిపోతారు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: ‘పైథాన్ 3.11, విండోస్ 11. కింద ఉన్న రెండు వరుసల కోడ్‌తో తెలుగు టెక్స్ట్ ఫైల్ చదివితే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వస్తోంది. లైనక్స్‌లో ఇదే ఫైల్, ఇదే కోడ్ పనిచేస్తున్నాయి. ఫైల్‌లో ‘అమ్మ’ అనే ఒక్క మాట ఉంచినా ఎర్రర్ వస్తోంది, ‘అల’ అని ఉంచితే ఎర్రర్ రాకపోయినా పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయి.’ విషయం తెలిసినవారికి ఇక అడగవలసింది ఏమీ మిగలదు. ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, ఏదో చెప్పకుండా ఫైల్ తెరిస్తే ఆ వెర్షన్ పైథాన్ విండోస్‌లో సాధారణంగా 1252 అనే పాత అక్షరపట్టికను వాడుతుంది. తెలుగు పొల్లు గుర్తు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో మూడు బైట్లుగా ఉంటుంది, వాటిలో చివరిదాని విలువ 141, ఆ విలువకు 1252 పట్టికలో ఏ అక్షరమూ లేదు. ‘అమ్మ’లోని ఒత్తును కంప్యూటర్ ఈ పొల్లు గుర్తుతోనే నిల్వచేస్తుంది కాబట్టి ప్రోగ్రామ్ అక్కడ ఆగిపోతుంది, ‘అల’లో అది లేదు. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెబితే సరిపోతుంది. సమస్యను ఇలా ఒక్క మాట స్థాయికి కుదించే క్రమంలోనే, ప్రశ్న పోస్ట్ చేయకముందే జవాబు మీకు తట్టే సందర్భాలు చాలా ఉంటాయి. నా దృష్టిలో ఈ వేదికల వల్ల విద్యార్థికి కలిగే అసలు లాభం అదే.

సహాయం అందాక కూడా మీ వంతు పని ఉంటుంది. సూచనను ప్రయత్నించి ఫలితం ఏమిటో రాయండి, పనిచేసిన జవాబును ఆమోదించినట్టు గుర్తు పెట్టండి. పరిష్కారం మీకే దొరికితే ‘సమస్య తీరిపోయింది’ అని వదిలేయకుండా, ఎలా తీరిందో వివరించండి.

ఇక మీ అర్హత గురించిన సందేహం. మీరు నిరుడు తడబడి నేర్చుకున్న అంశంలో ఈ ఏడాది మరొకరు తడబడుతూ ఉంటారు, వారికి ఎక్కడ అర్థం కావడం లేదో నిపుణుడి కంటే మీకే బాగా తెలిసే అవకాశం ఉంది. ఒక చిన్న అంశాన్ని, ఉదాహరణకు ఒకే లైబ్రరీని (సిద్ధంగా దొరికే కోడ్ సముదాయాన్ని), ఎంచుకోండి. ప్రశ్నలోని సమస్యను మీ కంప్యూటర్‌లో పునఃసృష్టించి, పరిష్కారాన్ని నడిపి చూశాకే జవాబు రాయండి. చాట్‌బాట్ ఇచ్చినదాన్ని అతికించకండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది, నమ్మకంగా కనిపిస్తూ తప్పుగా ఉండే జవాబులు వెల్లువెత్తడమే అందుకు కారణం. పరీక్షించకుండా రాసిన జవాబు ఎవరిదైనా చేసే హాని అదే.

స్వచ్ఛంద సహాయానికి వృత్తిపరమైన గుర్తింపు లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ ఎంవీపీ (మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్) గుర్తింపు 1993లో మొదలైంది, తోటి వినియోగదారులకు ఆన్‌లైన్‌లో ఉచితంగా సహాయపడినవారిని గౌరవించడం నుంచే అది పుట్టింది. అయితే మీ స్థాయిలో ప్లస్ ఓటుకు వచ్చే 10 పాయింట్లను, ఆమోదించిన జవాబుకు వచ్చే 15 పాయింట్లను లెక్కపెట్టుకోవడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. రెజ్యూమెలో పాయింట్ల సంఖ్యకు బదులు మీరు రాసిన మంచి జవాబులు ఒకటి రెండింటి లింకులు ఇవ్వండి. ఇంటర్వ్యూలో వాటి గురించి అడిగితే, కారణాన్ని ఎలా పట్టుకున్నారో వరుసగా చెప్పగలగాలి. వారానికి రెండు మూడు గంటలు చాలు, పరీక్షల సమయంలో పూర్తిగా మానేసినా తప్పు లేదు.

ఇంటర్న్‌షిప్‌లో చేరాక మరో రెండు జాగ్రత్తలు అవసరం. ప్రశ్నలో సంస్థ కోడ్‌ను, పాస్‌వర్డ్‌లను, ఏపీఐ కీలను (ఒక సేవను వాడుకోవడానికి ప్రోగ్రామ్‌కు ఇచ్చే రహస్య సంకేతాలను) ఎప్పుడూ పెట్టకూడదు. అదే సమస్యను చూపే చిన్న కోడ్‌ను విడిగా రాసి పెట్టండి. అలాగే స్టాక్ ఓవర్‌ఫ్లోలోని రచనలు క్రియేటివ్ కామన్స్ షేర్-అలైక్ లైసెన్సు (మార్చి పంచుకుంటే అదే షరతులతో పంచాలనే అనుమతి) కింద ఉంటాయి కాబట్టి, అక్కడి కోడ్‌ను యథాతథంగా సంస్థ ఉత్పత్తిలో చేర్చేముందు మీ టీమ్ లీడ్‌ను అడగండి.