ముందు ప్రశ్న రాసుకోండి, సామాన్లు తర్వాత

హైస్కూల్ పిల్లలు చేతులతో చేస్తూ వాళ్లంతట వాళ్లే కనుక్కునేలా లెక్కల పాఠం ఎలా ప్లాన్ చేసుకోవాలని అడిగారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, నా మటుకు జవాబు ఒక్కటే: ముందు ప్రశ్న ఆలోచించుకోండి. చాలామంది థర్మోకోల్, రంగు కాగితాలతో మొదలుపెడతారు, పాఠం అక్కడే దారి తప్పుతుంది.

పదో తరగతి త్రికోణమితి అనువర్తనాలే తీసుకోండి. టాన్ అంటే ఏమిటో (ఇక్కడైతే ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేది) అంతకుముందు పాఠంలో వచ్చేసి ఉంటుంది కాబట్టి నేను బోర్డు మీద పటం గీయను. "మన ఊరి వాటర్ ట్యాంకు ఎత్తెంతో ఎక్కకుండా చెప్పండి" అంటాను, అంతే. కోణమానినికి స్ట్రా అంటించి, దాని కేంద్రం నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి, స్ట్రాలోంచి ట్యాంకు పైఅంచు చూస్తారు. దారం చూపించే కోణాన్ని 90లోంచి తీసేస్తే ఊర్ధ్వకోణం, అంటే చూపు అడ్డగీత నుంచి ఎంత పైకి లేచిందో ఆ కోణం, వస్తుంది. ఎందుకు తీసేయాలో కూడా వాళ్లే తేల్చుకోవాలి.

ఒక ఏడాది ఒక గుంపు 20 మీటర్ల దూరంలో నిలబడితే 35 డిగ్రీలు వచ్చింది, పట్టికలో టాన్ విలువ 0.7 చూసి ఎత్తు 15.4 మీటర్లన్నారు. ఇంకో గుంపు పట్టిక జోలికే పోలేదు, సరిగ్గా 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడిచి (అప్పుడు ఎత్తూ దూరమూ సమానం), అక్కడి నుంచి ట్యాంకుకు టేపుతో కొలిచి 14 అన్నారు. ఇంక గొడవే గొడవ. రెండు జవాబులూ బోర్డు మీద అలాగే ఉంచాను. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లేచి "మీరు నేల నుంచి కొలిచారా, కళ్ల దగ్గర నుంచా?" అని అడిగింది. ఆ తేడా 1.4 మీటర్లు, చూసినవాడి కంటి ఎత్తు! మొదటి గుంపు కలిపింది, రెండోది మర్చిపోయింది. ఇది నేను చెప్పి ఉంటే నోట్సులో ఒక లైనుగా మిగిలేది.

పుస్తకంలో అన్నీ 30, 45, 60 డిగ్రీలే ఉంటాయి, ఏ ఊరి ట్యాంకూ అలా లెక్క చూసుకుని కోణం ఇవ్వదు. అదే పుస్తకంలో "ఇవి చేయండి" అని చక్కటి పెట్టెలుంటే వాటిని దాటేసి స్లిప్ టెస్టులు పెడతారు, లెక్కల కిట్టు పాడవుతుందని బీరువాలో తాళం వేస్తారు, ప్రాజెక్టు రిపోర్టులేమో జిరాక్స్ షాపులో రెడీగా దొరుకుతాయి. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సిలబస్ అవదని టెన్షన్ వద్దు, ఇలా చేశాక ఆ పాఠంలో మిగతా లెక్కలకు పటాలు పిల్లలే గీసేస్తారు. వరసగా రెండు పీరియడ్లు మాత్రం కావాలి. కొలిచిన రోజే వాదన కూడా జరగాలి, మర్నాటికి ఆ వేడి ఉండదు. పీఈటీ గారిని, అంటే ఆటల మాస్టారిని, ముందుగా అడిగితే ఒక పీరియడ్ ఇస్తారు.