మెకానికల్ అబ్బాయికి చిప్‌ల దగ్గర ఏం పని?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. చిప్ ప్యాకేజింగ్‌లో (చిప్‌ను బోర్డు మీద నిలిచేలా అమర్చే పనిలో) సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడటం నేర్చుకుంటానంటున్నాడు. అది ఈసీఈ వాళ్ల పని, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేర్చమని చుట్టాలు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి సరైన చోటే చూస్తున్నాడండీ. సర్క్యూట్ గీసేది ఈసీఈ వాళ్లే. ఆ చిప్ బోర్డు మీద పగలకుండా, ఊడకుండా ఏళ్ల తరబడి నిలవాలంటే మెకానికల్ వాళ్లు కావాలి.

ఒక లెక్క చూడండి. ఒక డిగ్రీ వేడెక్కితే సిలికాన్ తన పొడవులో పది లక్షల్లో 3 వంతులు సాగుతుంది, బోర్డు సుమారు 17 వంతులు. 10 మిల్లీమీటర్ల చిప్ 100 డిగ్రీలు వేడెక్కితే మధ్య నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలోని అంచు దగ్గర తేడా 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చిప్‌కూ బోర్డుకూ మధ్య అతికించే లోహం, అంటే సోల్డర్ బంతి ఎత్తు 70 మైక్రాన్లే అనుకుంటే, అది తన ఎత్తులో పదో వంతు పక్కకు ఒరగాలి. వేడెక్కిన ప్రతిసారీ ఇదే తంతు, చివరికి పగులు. చిప్ కింద ఎపాక్సీ (గట్టిపడే జిగురు) నింపేది ఈ భారం తగ్గించడానికే.

పైగా సోల్డర్ స్టీలులాంటిది కాదు. ఇప్పుడు ఎక్కువగా వాడే సీసం లేని రకం 217 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది కాబట్టి మామూలు గది వేడికే బరువు కింద మెల్లగా సాగుతూ ఉంటుంది. అందుకే దీనికి ఎంఐటీ ప్రొఫెసర్ లలిత్ ఆనంద్ పేరుమీద ఉన్న ఆనంద్ మోడల్ వాడతారు, లోహం ఇలా ఎంత సాగుతుందో చెప్పే లెక్క అది. అందులో తొమ్మిది స్థిరాంకాలు. వేర్వేరు వేడిలో, వేర్వేరు వేగాలతో లాగి చూసిన పరీక్షల నుంచి వాటిని రాబట్టాలి. అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. ఆన్సిస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కడం రెండు నెలల్లో వస్తుంది, కానీ లోపల ఇచ్చిన అంకె తప్పయితే తెరమీద కనిపించే రంగుల బొమ్మకు విలువ లేదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ కంపెనీ, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా ప్యాకేజింగ్ ప్లాంట్లు పెట్టాయి. మన ఆంధ్రలో ఒకదానికి 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. బీటెక్‌తో ఇలాంటి చోట్ల ప్రాసెస్, క్వాలిటీ విభాగాల్లో చేరవచ్చు. మోడలింగ్ పనికి మాత్రం ఎంటెక్ గానీ ఎంఎస్ గానీ దాదాపు తప్పనిసరి. కాబట్టి గేట్‌కు ఇప్పటి నుంచే కూర్చోమనండి. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫైనైట్ ఎలిమెంట్, కాస్త పైథాన్ గట్టిగా చదవాలి.

లక్షలు కట్టే ప్రైవేటు కోర్సుల జోలికి దయచేసి వెళ్లకండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక్క సోల్డర్ బంతిని తీసుకుని, పరిశోధన పత్రికల్లో అచ్చయిన పరీక్షల డేటాకు ఆ తొమ్మిది అంకెలు తనే సరిపెట్టి చూడమనండి. ఇంటర్వ్యూలో దాని గురించే అరగంట అడుగుతారు.