వంటింట్లోంచి గదిలోకి మెసేజ్

"మా బాబుకు 15 ఏళ్లు, పదో తరగతికి వస్తున్నాడు. రాత్రి 11 దాకా స్నేహితులకు మెసేజ్‌లు పెడుతూ తనలో తను నవ్వుకుంటాడు. చుట్టాలొస్తే మాత్రం గది దాటి రాడు. ఏం అడిగినా 'ఊఁ' అంటాడు. అన్నానికి రమ్మని మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ వస్తుంది. ఈ సెలవుల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సులో చేర్పించమంటారా?"
– ఒక తల్లి, గాజువాక

అమ్మా, కోర్సు సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు వేరే ఉంది. అన్నానికి రమ్మని మెసేజ్ పెడుతున్నారు! వంటింటికీ వాడి గదికీ మధ్య ఎన్ని అడుగులుంటాయి? మెసేజ్‌కు మెసేజే జవాబుగా వచ్చింది, అందులో వాడి తప్పేముంది? రేపటి నుంచి తలుపు దాకా వెళ్లి పిలవండి.

వాడికి మాటలు రావని నేననుకోను. అలవాటు తప్పిందల్లా ఎదుటివాళ్ల ముఖం చూస్తూ అప్పటికప్పుడు బదులు చెప్పడం. మెసేజ్ అయితే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు, పంపాక కూడా తీసేయవచ్చు. పెదనాన్న ఎదుట ఆ వీలు లేదు. పైగా మన చుట్టాల మొదటి ప్రశ్న మార్కుల గురించే. నాకైనా గదిలోకి పోవాలనే అనిపిస్తుంది.

"చదివావా, తిన్నావా, ఫోను పక్కన పెట్టావా" అన్నవాటికి 'ఊఁ' చాలు. ఓ వారం అడగడం మాని, మీ కబుర్లు చెప్పండి. ఆటో డ్రైవరుతో చిల్లర తగువైనా సరే. తల ఎత్తకపోయినా వింటాడు.

ఆదివారం పొద్దున్నే వాళ్ల నాన్నతో ఫిషింగ్ హార్బర్‌కు పంపండి. రైతుబజారులో ధర బోర్డు మీదే ఉంటుంది, నోరు విప్పే పని లేదు. చేపల దగ్గర అలా కుదరదు. వంజరం ఎంతో అడగాలి, తగ్గించమనాలి, అమ్మే ఆవిడ కసిరితే చిన్నబుచ్చుకోకుండా ఇంకో మాట అనాలి. డబ్బు వాడి చేతికే ఇవ్వండి. నాన్నగారు నాలుగడుగులు ఎడంగా నిలబడాలి, మధ్యలో మాట అందుకోకూడదు. మొదటిసారి వంద రూపాయలు ఎక్కువే పోసి వస్తాడు. ఆ రోజంతా దాన్ని తవ్వకండి, కోర్సు ఫీజు కన్నా చవకే. మీరు చేపలు తినరంటే కూరగాయలు బేరమాడటానికి పూర్ణా మార్కెట్ ఎలాగూ ఉంది.

మనసులో మాట కావాలంటే ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. సాయంత్రం బీచ్ రోడ్డులో పక్కపక్కన నడవండి. సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకు తెలుసు, 32 కిలోమీటర్లలో సగం దాటేసరికి ఇంట్లో ఎన్నడూ రాని మాటలు వస్తాయి.

నిద్ర, తిండి తగ్గి, ఆ స్నేహితులకు కూడా దూరమైతే మాత్రం అది వేరే సంగతి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక కోర్సంటారా, వాడు కావాలంటే చేర్పించండి. అడగడం మాత్రం నోటితో అడగాలి.