ఆ ఇరవై నిమిషాలు

బుజ్జీ,

కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిందని, మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పనిచేసే కోర్సు ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. అప్పుడే టెన్షన్ కూడా మొదలైందట. "కాలేజీలో చెప్పింది అక్కడ పనికిరాదంట కదా బాబాయ్, మరి చదవడం ఎందుకు?" అని నువ్వు అడిగితే ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన మొదలుపెట్టాడు. కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు ఫ్యాక్టరీ. బ్రిటన్‌లో దీన్ని శాండ్‌విచ్ కోర్సు అంటారు. రెంటిలో ఏదో ఒకటి చాలనుకుంటే ఇంత కాలం ఎవరూ దీన్ని మోసుకురారు.

నీ ప్రశ్నకి వస్తాను. మొదటి ఏడాదిలోనే బైనరీ సెర్చ్ నేర్పుతారు. వరుసలో పేర్చిన జాబితాలో నడిమికి వెళ్లి, కావలసింది ఎటు ఉందో చూసి, అది లేని సగాన్ని వదిలేయడం. అలా చేస్తూ పోతే పది లక్షల పేర్లలో కూడా 20 సార్లు చూసేలోపు తేలిపోతుంది. నడిమి స్థానం కోసం మొదలునీ చివరనీ కూడి రెండుతో భాగిస్తాం. పరీక్షలో ఇది రాస్తే ఫుల్ మార్కులే. జావా అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌తో వచ్చే రెడీమేడ్ కోడ్‌లోనూ (దాన్ని లైబ్రరీ అంటారు) ఏళ్ల తరబడి ఇలాగే ఉండేది. కానీ జాబితా మరీ పెద్దదైతే ఆ కూడిక, మెషీన్ ఒక పూర్ణాంకానికి కేటాయించే 32 బిట్ల చోటు హద్దు దాటుతుంది. ఆ హద్దు 214 కోట్ల పైచిలుకు. దాటగానే సంఖ్య మైనస్‌లోకి పోయి ప్రోగ్రామ్ కూలిపోతుంది. 2006లో ఈ సంగతి అందరికీ విడమరిచి చెప్పిన జాషువా బ్లాక్ ఎవరో కాదు, ఆ కోడ్ రాసినాయనే. చివర నుంచి మొదలు తీసేసి, ఆ తేడాలో సగాన్ని మొదలుకి కలిపితే గొడవ తీరిపోతుంది.

"ఇది ఇంకా పెద్దదైతే ఏమవుతుంది?" అనే అనుమానం నీకు పనిలో పుడుతుంది. మెషీన్‌లో సంఖ్య ఎలా దాగి ఉంటుందో క్లాసులో వినకపోతే, అనుమానం పుట్టినా ఎక్కడ వెతకాలో తెలియదు. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ బోరు కొడుతున్నాయని వదిలేయకు. ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఏదన్నది పెద్ద విషయం కాదు, వెళ్లాక కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ అనే టూల్ మాత్రం ఇప్పుడే నేర్చుకో. ఫైనల్, ఫైనల్2, అసలు ఫైనల్ అని ఫోల్డర్లు పెట్టుకునే అలవాటు అక్కడ సాగదు.

కంపెనీ ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోజు పడకు. ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడుగుతారా?" అంటారు కదా, అప్పుడు రెండే అడుగు. నా కోడ్‌ని ఎవరు రివ్యూ చేస్తారు? నాకంటే ముందు వచ్చిన స్టూడెంట్ చేసిన పని ఇప్పుడు వాడుకలో ఉందా? జవాబు నీళ్లు నములుతూ వస్తే ఆ టీమ్‌లో నిన్ను పట్టించుకునేవాళ్లు లేరని అర్థం.

మొదటి రెండు వారాలు దిక్కు తోచదు. పర్మిషన్లు రావు, ప్రోగ్రామ్ నీ మెషీన్‌లో లేవదు, సెటప్ కాగితంలో సగం పాతబడి ఉంటుంది. ఎక్కడ ఆగిపోయావో, ఎలా బయటపడ్డావో ఒక్కొక్కటీ రాసుకుని ఆ కాగితాన్ని సరిచేసి ఇవ్వు. ఆ తప్పులు కొత్తవాళ్ల కళ్లకే కనిపిస్తాయి. టీమ్‌కి నువ్వు చేసే మొదటి మేలు అదే కావచ్చు.

ఇక నా సంగతి. నేను చేరిన రెండో నెలలో ఒక కస్టమర్ చిరునామా మార్చమన్నారు. డేటాబేస్‌లో వివరాలు మార్చే అప్‌డేట్ కమాండ్ రాశాను, ఏ వరుసో చెప్పే 'వేర్' భాగం మర్చిపోయాను. ఎంటర్ నొక్కాక తెరమీద "4,000 పైచిలుకు వరుసలు మారాయి" అన్న అర్థంలో ఒక లైను వచ్చింది. ఒక్కటే మారాలి. అరచేతులు చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పకుండా నేనే సర్దుదామని ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాను. ఆలోగా మిగతావాళ్లు అదే టేబుల్‌లో కొత్త ఎంట్రీలు చేసేశారు. చివరికి చెబితే సీనియర్ ఆవిడ అరవలేదు, "ఎన్నింటికి జరిగింది?" అని మాత్రం అడిగింది. బ్యాకప్ నుంచి పాత చిరునామాలు తేవడం తేలికే అయింది. ఆ ఇరవై నిమిషాల ఎంట్రీలని విడదీయడానికే మాకు సాయంత్రం దాకా పట్టింది.

అప్పటి నుంచి అదే 'వేర్' షరతుతో ముందు సెలెక్ట్ చేసి, ఏ వరుసలు వస్తాయో చూస్తాను. తర్వాత ట్రాన్సాక్షన్‌లో, అంటే వెనక్కి తీసుకునే వీలుండేలా మార్చి, లెక్క సరిపోతేనే కమిట్ చేస్తాను, అంటే ఖాయం చేస్తాను. నువ్వు ఇది నేర్చుకోవడానికి నాలాగా చెమటలు పట్టక్కర్లేదు. కానీ తప్పు జరిగితే మాత్రం వెంటనే చెప్పు. డౌట్ వచ్చినా అంతే. ఒక గంట సొంతంగా ప్రయత్నించు. ఆ తర్వాత ఏం చేశావో, ఏం వస్తుందనుకున్నావో, ఏం వచ్చిందో చెప్పి అడుగు. "పనిచెయ్యట్లేదు" అని ఊరుకుంటే ఎదుటివాళ్లకి ఏం తెలుస్తుంది?

ఇంకొకటి, ఇది జోకు కాదు. కంపెనీ కోడ్‌ని నీ సొంత అకౌంట్‌లోకి ఎక్కించకు, అడగకుండా ఏఐ టూల్‌లో పేస్ట్ చెయ్యకు. యూనివర్సిటీకి ఇచ్చే రిపోర్ట్‌లో ఏం రాయొచ్చో మీ మేనేజర్‌ని ముందే అడుగు. ఆ రిపోర్ట్ కోసం వారానికి అరపేజీ రాసుకుంటూ ఉండు. ఏడాది చివర కూర్చుంటే ఏమీ గుర్తుండదు, నాకు గుర్తుండలేదు. చివరి ఏడాది ప్రాజెక్టుకి టాపిక్ కూడా ఆ అరపేజీల్లోనే దొరుకుతుంది.

ఈ ఆదివారంలోపు రెజ్యూమె రాసి పంపు, ఒక్క పేజీ చాలు. "కష్టపడే తత్వం, టీమ్ స్పిరిట్" అని ఎలాగూ రాసే ఉంటావు, అవి కొట్టేసి ఆ చోట నువ్వు చేసిన ప్రోగ్రామ్ ఒకటి పెట్టు. చిన్నదైనా పర్వాలేదు.

మీ బాబాయి