సమాధానం: ఎస్‌ఈలైనక్స్ ఎన్‌ఎస్‌ఏ తయారుచేసింది కదా, ఆపేయాలా?

హోమ్ ఫోల్డర్ నుంచి ఫైళ్లు మార్చాక సైట్ తెరుచుకోవట్లేదని, ఎస్‌ఈలైనక్స్‌ని (లైనక్స్‌లో ఏ ప్రోగ్రాం ఏ ఫైలు ముట్టుకోవచ్చో లేబుళ్లు చూసి తేల్చే భద్రతా వ్యవస్థ) ఆపేయాలా అని అడిగారు. ఆపేయకండి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ రాసిన కోడ్ మన కెర్నల్‌లో (లైనక్స్ గుండెకాయలో) ఎందుకన్న అనుమానం సబబే కానీ, ఫెడోరా లైనక్స్‌లో మీ సైట్ 403 (అనుమతి లేదన్న ఎర్రర్) ఇవ్వడానికి కారణం అది కాదు. ఫైళ్లను హోమ్ ఫోల్డర్ నుంచి మూవ్ చేశానన్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు: కాపీ చేసుంటే కొత్త చోటి లేబుల్ పడేది, మూవ్ చేస్తే పాత హోమ్ లేబులే వెంట వస్తుంది, దాన్ని చదవడానికి వెబ్ సర్వర్‌కి అనుమతి ఉండదు. రూట్‌గా సైట్ ఫైళ్లున్న ఫోల్డర్ మీద, లేబుళ్లను సరిచేసే రిస్టోర్‌కాన్ కమాండ్ నడపండి (సబ్‌ఫోల్డర్లకి పెద్ద ఆర్ ఆప్షన్ మర్చిపోవద్దు), చాలు.

ఇక నమ్మకం సంగతి. ఎన్‌ఎస్‌ఏ దీన్ని 2000 డిసెంబరులో బయటపెట్టింది, 2003లో 2.6 కెర్నల్‌తో పాటు వచ్చింది, అప్పటినుంచి రెడ్ హ్యాట్, గూగుల్ వాళ్లు సహా బోలెడుమంది అందులో చేతులు పెట్టారు. పైగా అది మామూలు పర్మిషన్లు ఒప్పుకున్నాక ఇంకోసారి అడ్డం పడగలదే తప్ప, అవి కాదన్నదాన్ని ఇప్పించలేదు. ఆపేస్తే మీకు పోయేది ఓ తాళం, అంతే.

అలాగని ఎన్‌ఎస్‌ఏ ఏది ఇచ్చినా కళ్లు మూసుకుని తీసుకుంటారని కాదు. వాళ్ల స్పెక్ సైఫర్‌ని (డేటాను గుప్తీకరించే పద్ధతి) 2018లో 4.17 కెర్నల్‌లో చేర్చారు, విమర్శలొచ్చాయి, గూగుల్ కూడా వద్దనుకుంది, 4.20కల్లా పీకేశారు. నిజంగా టెన్షన్ పడాలంటే 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే టూల్‌లో దొరికిన బ్యాక్‌డోర్ (దొంగదారి) గురించి చదవండి, అందులో ఎవరూ ప్రభుత్వం పేరు చెప్పుకుని రాలేదు, మంచి వాలంటీర్‌లా వచ్చారు.

రిస్టోర్‌కాన్ తర్వాత కూడా 403 వస్తే ఆడిట్ లాగ్‌లో ఏవీసీ అన్న లైన్లు (ఎస్‌ఈలైనక్స్ దేన్ని అడ్డుకుందో చెప్పేవి) ఇక్కడ పెట్టండి.