బోస్టన్‌కి వెళ్తున్న తమ్ముడికి, విజిటింగ్ కార్డుల గురించి

ప్రశ్న: అన్నయ్యా, మాది భీమవరం. న్యూజెర్సీలో రొయ్యలు దిగుమతి చేసుకునే కంపెనీలో చేరి మూడు నెలలైంది. మార్చిలో బోస్టన్ సీఫుడ్ ఎక్స్‌పోకి పంపుతున్నారు. అక్కడ ఇచ్చే విజిటింగ్ కార్డులు ఫోన్‌లోకి ఎక్కించడానికి ఏ యాప్ మంచిది?

జవాబు: తమ్ముడూ, మాది పాలకొల్లు పక్క ఊరు. నీ ప్రశ్న చూస్తే సంతోషమేసింది. యాప్ గురించి టెన్షన్ పడకు. గూగుల్ లెన్స్ చాలు. అడోబ్ స్కాన్ అయితే కార్డుని నేరుగా కాంటాక్ట్‌గా సేవ్ చేస్తుంది. ఒకప్పుడు చాలామంది వాడిన క్యామ్‌కార్డ్ మాత్రం వద్దు. 2020 నవంబరులో మన దేశం నిషేధించిన 43 యాప్‌లలో అదీ ఉంది. రేపు నువ్వు సంక్రాంతికి ఇంటికెళ్లినా పనికొచ్చేదే పెట్టుకో.

అసలు పని ఫోటో తీశాక ఉంటుంది. నా మొదటి ఎక్స్‌పోలో కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చి, వారం తర్వాత స్కాన్ చేశాను. పేర్లూ నంబర్లూ వచ్చాయి, మనుషులు గుర్తురాలేదు. 31-40 కౌంట్ (పౌండుకి 31 నుంచి 40 తూగేవి) హెడ్‌లెస్, అంటే తల తీసిన రొయ్యల శాంపిల్ అడిగినాయన ఎవరో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. చెరువు గట్టున మేత లెక్క ఏ రోజుది ఆ రోజే పుస్తకంలో రాస్తారు కదా, అలాగే కాంటాక్ట్ కింద నోట్స్‌లో ఆ రాత్రే రాసెయ్యి: ఏ స్టాల్, ఏ కౌంట్, ఏం పంపుతానన్నావు.

ఈమెయిల్ అక్షరం అక్షరం చూసుకో. ఇంగ్లిష్ ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే యాప్ ఎమ్ అనుకుంటుంది. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా పోల్చుకోలేదు.

మనవాళ్ల కార్డులతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి యాప్ దాన్నే ఫస్ట్ నేమ్‌లో పెడుతుంది. రేపు నువ్వు ఆ పెద్దాయనకి ఇంటిపేరుతో ‘డియర్’ అని మెయిల్ కొడితే ఆయనకెలా ఉంటుంది? చేత్తో సరిచెయ్యి, పక్కన ఊరు చేర్చు. భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్లలో ‘రాజు’ అని వెతికితే ఎంతమంది వస్తారో నీకే తెలుసు.

బయల్దేరే ముందు నీ కార్డునే ఇద్దరు స్నేహితుల ఫోన్లలో స్కాన్ చేయించు. పేరు తిరగబడినా, నంబరు ముందు +1 లేకపోయినా, కొత్తవి అచ్చు వేయించుకోవడానికి ఇంకా టైముంది.