బైపాస్ తర్వాత నీరసం: మళ్లీ రక్తం ఎక్కించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు వారాల కిందట బైపాస్ అయింది. అప్పుడు 3 యూనిట్ల రక్తం ఎక్కించారు. ఇప్పుడు హిమోగ్లోబిన్ 9.2. నాలుగడుగులు వేస్తే నీరసం అంటున్నారు. డాక్టరుగారు ఐరన్ మాత్రలు చాలన్నారు. ఇంకో రెండు బాటిళ్లు ఎక్కిస్తే త్వరగా కోలుకుంటారు కదా? నాదీ అదే గ్రూపు, నేనే ఇస్తాను.
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మీ డాక్టరుగారు చెప్పిందే సరైనది. ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఎక్కడైనా రక్తం పోవడం లాంటివి లేనప్పుడు 9.2 దగ్గర రక్తం ఎక్కించరు. రక్తం టానిక్ కాదు.

ఒకప్పుడు 10 కంటే తగ్గితే చాలు, బాటిల్ పెట్టేసేవాళ్లం. 2017లో వెలువడిన ట్రిక్స్-3 అధ్యయనంలో గుండె ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 5,000 మందిని రెండు జట్లుగా చూశారు. ఒక జట్టుకు 7.5 కంటే తగ్గితేనే, రెండోదానికి ఐసీయూలో 9.5 కంటే తగ్గగానే రక్తం ఇచ్చారు. మరణాలు, గుండెపోటు, పక్షవాతం, డయాలసిస్ దాకా వెళ్లే కిడ్నీ దెబ్బ... వీటిలో మొదటి జట్టుకు అదనంగా నష్టమేమీ జరగలేదు. అయితే అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. 8 ఉన్నా గుండె దడ, బీపీ పడిపోవడం ఉంటే ఇస్తారు.

ఒక యూనిట్ ఎర్రకణాలు హిమోగ్లోబిన్‌ను సుమారు 1 గ్రాము పెంచుతాయి. కానీ 300 మిల్లీలీటర్ల దాకా ఉండే ఆ ద్రవాన్ని ఇంకా కుదుటపడని గుండె మోయాలి. వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. జ్వరం, అలర్జీ, అరుదుగా ఊపిరితిత్తులు దెబ్బతినడం కూడా ఉన్నాయి.

మీ రక్తం విషయం. గ్రూపు కలిసినా, కన్నబిడ్డల రక్తం నేరుగా ఎక్కించడం మంచిది కాదు. జన్యుపరంగా దగ్గరవాళ్లు కాబట్టి మీ తెల్లకణాలను ఆయన శరీరం పరాయివిగా గుర్తించకపోవచ్చు. అవి అక్కడే స్థిరపడి ఆయన చర్మం, కాలేయం, ఎముక మూలుగ మీద దాడి చేస్తాయి. ఇది అరుదే, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. రక్తానికి రేడియేషన్ ఇచ్చి దీన్ని ఆపుతారు, ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. ఇవ్వాలనుకుంటే బ్లడ్ బ్యాంకులో ఇవ్వండి, మరొకరికి పనికొస్తుంది.

ఇక మాత్రల సంగతి. ఐరన్ పరగడుపున నిమ్మరసంతో మింగితే బాగా ఒంటబడుతుంది. కడుపులో మంట అనిపిస్తే తిన్నాక వేసుకోవచ్చు. టీ, కాఫీ గంటన్నర తేడాతో తాగాలి. క్యాల్షియం మాత్రతో కలపకూడదు, థైరాయిడ్ మాత్ర ఉంటే 4 గంటల ఎడం కావాలి. బైపాస్ తర్వాత చాలామందికి రాసే గ్యాస్ మాత్ర కూడా ఐరన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది, అలాగని మీరే మానేయకండి. ఆస్పిరిన్ వేసుకునేవారి కడుపుకు ఆ గ్యాస్ మాత్ర రక్షణ. ఆపరేషన్ తర్వాత ఒంట్లో ఉండే వాపు వల్ల కూడా మొదటి వారాల్లో పేగు ఐరన్‌ను సరిగా తీసుకోదు. నెలకు హిమోగ్లోబిన్ కదలకపోతే ఐరన్ ఇంజెక్షన్ గురించి అడగండి.

ఐరన్ వల్ల మలం నల్లబడటం మామూలే. జిగురుగా, తారులా, దుర్వాసనతో వస్తే మాత్రం అది పేగులో రక్తస్రావం కావచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నవారైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, రెండు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా, ఛాతీ గాయం నుంచి చీము వచ్చినా అంతే.

ఇంకొకటి. రక్తం ఎక్కించుకున్నాక దాదాపు మూడు నెలలు హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చూపే) పరీక్షను నమ్మొద్దు. దాత కణాలు కలిసి షుగర్ నిజంకంటే తక్కువగా కనిపించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసి, ఆ అంకెలు రాసిపెట్టుకుని వెళ్లండి.